రశ్మి తీసేసిన ‘అ’

శనివారం ఒంటిపూట బడి. రశ్మి ఇంటికొచ్చేసరికి వాళ్లమ్మ శరణమ్మ కంప్యూటర్ ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. తెర మీద చిన్న నీలి చక్రం తిరుగుతోంది. ఎంతకూ ఆగడం లేదు.

“ఒక్క అక్షరం కొట్టి చాయ్ తాగొచ్చినా కనపడ్తలేదు. ఏం రోగమొచ్చిందో దీనికి,” అంది శరణమ్మ.

రశ్మి బ్యాగు దించి గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రోగం ఏమిటో ఆమెకు బాగా తెలుసు. అందుకే అక్కడ నిలబడలేదు.

శరణమ్మ ఇంట్లోనే టైపింగ్ పని చేస్తుంది. రాయచూరులో బడులకు పరీక్ష పేపర్లు కన్నడంలో కొట్టి ఇస్తుంది. అప్పుడప్పుడు సింధనూరు వైపు క్యాంపుల నుంచి పెళ్లి కార్డుల పని వస్తుంది. ఎప్పుడో ఆంధ్ర నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకుంటున్న రైతులు ఉండే ఊళ్లు అవి. ఎన్నేళ్లయినా పెళ్లి కార్డు మాత్రం వాళ్లకు తెలుగులోనే ఉండాలి. తెలుగు టైపు చేసేవాళ్లు రాయచూరులో తక్కువ, తప్పుల్లేకుండా చేసేవాళ్లు ఇంకా తక్కువ. అందుకే శరణమ్మ పేరు ఆ క్యాంపుల్లో ఒకరి నోటి నుంచి ఒకరికి పాకింది.

ఈసారి చెన్నకేశవరావు గారి అమ్మాయి పెళ్లి. వాళ్లది పెద్ద కుటుంబం. కార్డులో ఒక్క పెద్దాయన పేరు తప్పిపోయినా పందిట్లో అలకలు మొదలవుతాయి. వారం రోజులుగా ఆ ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే ఫోన్ చేసి పేర్లు చెబుతున్నారు. శరణమ్మ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని నేరుగా కంప్యూటర్లోనే కొట్టేసింది. ఈ సాయంత్రం ఆయనే బస్సులో వస్తారు. పేర్లన్నీ చదువుకుని, సరే అనుకుంటే అటునుంచి అటే ప్రెస్సుకు తీసుకెళ్తారు.

కాసేపటికి శరణమ్మ లేచింది. ప్రెస్సులో కార్డుకు తగిన కాగితం ఉందో లేదో చూసొస్తానంది. రేపు పంపన్నను పిలిచి కంప్యూటర్ చూపించాలని కూడా అంది.

పంపన్న కంప్యూటర్లు బాగుచేసే మనిషి. ఆ పేరు వినగానే రశ్మి గుండె గుభేలుమంది.

పంపన్నకు ఒక అలవాటుంది. కంప్యూటర్లో ఏమేం ఉన్నాయో అన్నీ పైకి చదువుతాడు. కార్ల ఆట, చేపల ఆట, మనుషుల ఫోటోలకు మీసాలు పెట్టేది, పిల్లి గొంతుతో మాట్లాడేది. ఇవన్నీ రశ్మి తెచ్చిపెట్టుకున్నవే. బడి పని తప్ప ఇంకేమీ ముట్టొద్దని అమ్మ చెప్పినప్పుడు రశ్మి తల ఊపింది. తల ఊపడానికేం, ఎవరైనా ఊపుతారు. ఒక ఆట కోసం నొక్కితే దాని వెంట పిలవని చుట్టాల్లా మరికొన్ని వచ్చి తిష్ట వేసేవి. కంప్యూటర్ వేగం పెంచుతానంటూ ఒకటి వచ్చింది. అది వచ్చాకే నత్తనడక మొదలైంది.

అమ్మ వీధి మలుపు తిరగగానే రశ్మి కుర్చీలో కూర్చుంది. పంపన్న వచ్చేలోపు అన్నీ తీసేస్తే ఏ గొడవా ఉండదు. ప్రోగ్రాముల పేర్లు ఎక్కడ కనిపిస్తాయో, అక్కరలేనిదాన్ని ఎలా తీసేయాలో బడిలో టీచర్ ఒకసారి చూపించింది.

బయట ఏ చప్పుడైనా అమ్మే వచ్చేసిందనిపించింది. కార్ల ఆట తీసేసింది. చేపల ఆట తీసేసింది. తీసేకొద్దీ ధైర్యం వచ్చింది, ధైర్యంతో పాటు తొందరా వచ్చింది. పేర్లు సగం చదివి సగం వదిలేసి నొక్కుకుంటూ పోయింది.

ఒకచోట మాత్రం ఆగింది. అక్కడ ఒకదాని కింద ఒకటి రెండు బొమ్మలున్నాయి. రెండింటిలోనూ ‘అ’ అనే అక్షరమే ఉంది.

రశ్మి చదివేది కన్నడ బడిలో. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం, రాయడం నేర్చుకోలేదు. ఆమెకు తెలిసింది కన్నడ ‘అ’. అదీ, తెలుగు ‘అ’ కూడా కవలపిల్లల్లా ఉంటాయి. ఏది ఏదో ఇంట్లోవాళ్లే పోల్చుకోవాలి. ఒకటి అమ్మ కన్నడ పేపర్లు కొట్టే ప్రోగ్రామని రశ్మికి తెలుసు. రెండోది కూడా అదే అయ్యుంటుందనుకుంది. ఉన్నదే మళ్లీ ఇంకోటి ఎందుకు? పక్కన ఇంగ్లిషులో ఏవో పొడి అక్షరాలు, అంకెలు ఉన్నాయి. అవేమిటో ఆలోచించే తీరిక లేదు. రెండోది తీసేసింది.

అమ్మ వచ్చేలోపు అన్నీ తీయడం కాలేదు గానీ చాలావరకు పోయాయి. కంప్యూటర్ ఆపి మళ్లీ పెడితే ఇదివరకటి కన్నా కాస్త చురుగ్గా లేచింది. రశ్మికి నవ్వొచ్చింది. అమ్మ సంతోషపడుతుందని కూడా అనుకుంది.

శరణమ్మ వచ్చి పెళ్లి కార్డు తెరిచింది. తెర నిండా ఇంగ్లిషు అక్షరాలు, ప్రశ్న గుర్తులు, గీతలు. పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట బ్రాకెట్ల మధ్య డాలర్ గుర్తు ఉంది. మూసి మళ్లీ తెరిచింది. మారలేదు. కొత్తగా ఒక పేరు కొట్టి చూసింది. అదీ ఇంగ్లిషులోనే పడింది.

“ఏందిది? పొద్దున మంచిగనే ఉండె గదా,” అంది.

రశ్మి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. దొంగకు తేలు కుట్టినట్టయింది ఆమె పని. ఏం జరిగిందో ఆ క్షణంలోనే అర్థమైంది.

శరణమ్మ పంపన్నకు ఫోన్ చేసింది. అతను సంగతంతా విని, అక్షరాలు అలా అయ్యాయంటే వైరస్సే అని తేల్చేశాడు. లోపల ఉన్నదంతా తుడిచేసి మళ్లీ కొత్తగా ఎక్కించాలన్నాడు. కంప్యూటర్ డబ్బా ఊడదీసి దుకాణానికి పట్టుకురమ్మన్నాడు. పేర్లూ పోతాయా, పేపర్లూ పోతాయా అని శరణమ్మ అడిగితే, పోతాయక్కా, ఏం చేస్తాం అన్నాడు.

ఫోన్ పెట్టేసి శరణమ్మ కుర్చీలో కూలబడింది.

“నాదే తప్పు,” అంది. “పేర్లన్నీ ఒక కాయిదం మీద రాసుకోవాల్సుండె. అంత దూరం నుంచి వస్తడు ఆ మనిషి. ఏం మొఖం చూపియ్యాలె?”

బల్ల కిందికి వంగి వైర్లు ఊడదీయడం మొదలుపెట్టింది.

రశ్మికి ఒక ఆలోచన వచ్చింది. అంతా తుడిచేస్తే ఆటల జాడ కూడా ఉండదు. తప్పు వైరస్ మీదికి పోతుంది. వైరస్ వచ్చి నేను కాదని చెప్పదు కదా. ఇక ఎవరికీ, ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన కాసేపు హాయిగానే ఉంది.

బల్ల కింద అమ్మ ఒక వైరు లాగుతోంది. అది రావడం లేదు. మధ్యలో ఆగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తప్పు తనదైతే అమ్మ ఎందుకు ఏడవాలి?

“అమ్మా, వైర్లు తియ్యకు,” అంది. “వైరస్ కాదు. నేనే తీసేసిన. ‘అ’ ఉన్నవి రెండుండె. రెండూ ఒకటే అనుకొని ఒకటి తీసేసిన. ఆటలు గూడ నేనే ఎక్కించిన. గందుకే అది మెల్లగైంది.”

బల్ల కింద చప్పుడు ఆగిపోయింది. శరణమ్మ బయటికి వచ్చింది. జుట్టుకు బూజు అంటుకుని ఉంది. దెబ్బ పడుతుందని రశ్మి కళ్లు మూసుకుంది.

దెబ్బ పడలేదు.

“ఇంకా ఏమేం తీసినవు? ఒక్కటి గూడ దాచకుండ చెప్పు.”

రశ్మి గుర్తున్నవన్నీ చెప్పింది. శరణమ్మ మళ్లీ పంపన్నకు ఫోన్ చేసింది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకునేవాళ్లమే అక్కా అన్నాడు అతను. పేర్లు ఎక్కడికీ పోలేదట. తెలుగు ప్రోగ్రాము లేక కంప్యూటర్ వాటిని చూపించలేకపోతోందట. దాన్ని అప్పట్లో ఎక్కించింది తనే కాబట్టి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వస్తానన్నాడు.

పంపన్న కన్నా ముందు చెన్నకేశవరావు గారు వచ్చేశారు. సంచి ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నారు. కొంచెం ఆలస్యమవుతుందని శరణమ్మ చెబితే, “పర్లేదమ్మా” అన్నారు గానీ చూపు గోడ గడియారం మీదే ఉంది. ప్రెస్సు ఎప్పుడు మూస్తారని అడిగారు. కాసేపాగి మళ్లీ అదే అడిగారు. రశ్మి బయటికి వెళ్లి వీధి చివరికి చూస్తూ నిలబడింది. పంపన్న రాకుండా ఉంటే బాగుండునని మధ్యాహ్నం అనుకుంది. ఇప్పుడు ప్రతి స్కూటరూ అతనిదే కావాలని కోరుకుంది.

వచ్చాడు. పెన్‌డ్రైవ్ పెట్టి ఏదో నొక్కాడు. తెర మీద పచ్చగీత అంగుళం అంగుళం జరిగింది. అది జరుగుతున్నంతసేపూ రశ్మి అమ్మ చీర కొంగు పట్టుకునే ఉంది. శరణమ్మ విడిపించుకోలేదు.

చివరికి కార్డు తెరుచుకుంది. డాలర్ గుర్తు ఉన్నచోట గుండ్రటి తెలుగు అక్షరాలు కనిపించాయి. రశ్మికి వాటిని చదవడం రాదు. చూస్తూనే ఏడుపొచ్చేసింది.

చెన్నకేశవరావు గారు కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కో పేరు మీద వేలు పెట్టి పెదవులు కదుపుతూ చదివారు. మధ్యలో ఒకచోట వేలు ఆగింది. మళ్లీ వేలు కదిలింది.

“అందరూ వచ్చారమ్మా,” అన్నారు. “ఒక్కళ్లు కూడా తప్పిపోలేదు.”

ఆయన కార్డును పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని ప్రెస్సుకు వెళ్లిపోయాక, మిగిలిన చెత్త కూడా తీసేసి పోతానని పంపన్న అన్నాడు. శరణమ్మ వద్దంది.

“తెచ్చినామెనే తీస్తది,” అని కుర్చీ చూపించింది. “రా, కూసో.”

అలా పిలుస్తుందని రశ్మి అనుకోలేదు. ఇక ఆ కుర్చీ దగ్గరికి రానివ్వదనే అనుకుంది. వెళ్లి కూర్చుంది. మీసాలు పెట్టేది తనదేనని చెప్పి తీసేసింది. పిల్లి గొంతుదీ తనదేనని చెప్పింది. అదంటే ఆమెకు ఇష్టం. అయినా తీసేసింది. వేగం పెంచుతానన్నదీ పోయింది.

తరువాతి పేరు దగ్గర బాణం ఆగింది. దాన్ని రశ్మి తేలేదు. అదేమిటో, ఎందుకుందో తెలియదు. మధ్యాహ్నమైతే నొక్కేసేదే.

మౌస్ మీది నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

“అమ్మా, ఇది నాది కాదు. ఏందో నాకు తెల్వదు,” అంది. “నువ్వొచ్చి చూసేదాక నేను ముట్టను.”