ఆమె పేరున్న ఫోల్డరు

"నీ పెండ్లాం పరాయి మొగోనికి ఉత్తరాలు రాస్తాంది తమ్మీ. కంప్యూటర్ల నుంచి."

అన్నం ముందు కూర్చున్న కరీంతో అన్న పీర్ మహమ్మద్ ఈ మాట చాలా మెల్లగా అన్నాడు. మెల్లగా అంటేనే లోతుగా దిగుతుందని ఆయనకు తెలుసు. వంటింటి గుమ్మంలో రొట్టెల పళ్లెం పట్టుకుని నిలబడ్డ షరీఫున్నీసా భర్త ముఖం వైపు చూసింది... కరీం తలెత్తలేదు. అత్త ఇక్బాల్ బీ తలెత్తింది గాని నోరు విప్పలేదు. "అట్ల కాదు భాయిసాబ్" అని భర్త ఒక్క మాట అంటాడేమోనని రొట్టెలు చల్లారేదాకా అక్కడే నిలబడింది. కరీం చేయి కడుక్కుని హైవే మీది తన టైర్ల దుకాణానికి వెళ్లిపోయాడు. ఆ రోజుతో ఆమెకు కంప్యూటర్ సెంటర్ గడప దూరమైంది.

కొత్తకోటలో ఆ సెంటర్ పెట్టింది పీర్ మహమ్మదే. ఆడపిల్లల బ్యాచి నడిచేటప్పుడు గదిలో ఒక ఆడమనిషి కూర్చుంటేనే తల్లిదండ్రులు పిల్లలను పంపేవారు. అందుకని మరదలిని తలుపు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టాడు. కాపలాకు కూర్చున్నంత మాత్రాన కళ్లు ఊరుకుంటాయా... పిల్లలకు ఆయన చెప్పే, ఇంటర్నెట్టు పేజీలతో పని చేయించే జావాస్క్రిప్టు ఆమెకూ పట్టుబడింది. విత్తనాల డీలరు బాలయ్యకు ఇంటర్నెట్టు పేజీలు చేసి ఇచ్చింది ఆమే. ఎకరాకు ఎన్ని సంచులు కావాలో లెక్కగట్టడం, ఫోన్ నంబరులో అక్షరాలు పడితే ఆపడం, ఇట్లా ప్రతి పేజీలో మళ్లీ మళ్లీ రాయాల్సినవన్నీ ఒకే ఫైల్లో రాసి పెట్టుకుంది. కూరకూరకూ నూరుకోకుండా మసాలా ఒకేసారి దంచి డబ్బాకెత్తినట్టు. ఏ పేజీ అయినా ఆ డబ్బా నుంచే తెచ్చుకునేది. ఫైలు ఉన్న ఫోల్డరుకు తన పేరే పెట్టుకుంది, షరీఫా అని.

ఒకచోట లెక్క తప్పుతుంటే హైదరాబాదులోని ఒక కంప్యూటర్ పత్రికకు ఈమెయిల్లో ప్రశ్న పంపింది. వాళ్లు జవాబు రాశారు. పరాయి మగవాడి ఉత్తరం అంటే అదే. అందులో ప్రోగ్రాం తప్ప మరేమీ లేదని పీర్ మహమ్మద్‌కు తెలుసు, చదివిందే ఆయన. కానీ అంతకుముందు బాలయ్య సెంటరుకు వచ్చి, "నువ్వుండు పీరు సాబ్, మీ మరదలును పిలువు. ఆమెకైతే జల్ది సమజైతది" అన్నాడు. ఆ మాట ఆయన గొంతులో ముల్లై కూర్చుంది.

ఆమెను ఇంట్లో కూర్చోబెట్టినవాడు ఆమె పేరును కంప్యూటర్లో మాత్రం ఎందుకు ఉండనిస్తాడు? ఆమె పేరు కనిపించిన ఫోల్డరును చెరిపేశాడు. పేజీల రంగులూ బొమ్మలూ అట్లాగే ఉన్నాయి. నొక్కితే ఒక్క బటనూ పలకలేదు.

శనివారం బాలయ్య విత్తనాల కంపెనీ పెద్దలను వెంటబెట్టుకుని ఆ పేజీలు చూడటానికి వస్తున్నాడు. శుక్రవారం పొద్దున పీర్ మహమ్మద్ ఇంటికి వచ్చాడు. షరీఫున్నీసా జొన్నలు చెరుగుతోంది. ఇన్నాళ్లూ ఆమె ఏడవలేదు. ఏడిస్తే కోపం కరిగిపోతుందని భయం.

"షరీఫా... గా ఫైలు ఫ్లాపీల గిట్ట ఉందా?"

"ఉంది భాయిసాబ్. పిండి డబ్బాల దాచిన."

"జర ఇయ్యి మరి."

"పరాయి మొగోనికి ఉత్తరాలు రాసిన చేతులు గద నావి. ఆ చేతులు రాసింది మీ మిషన్ల పెడితే పాపం కాదా?"

"గిదంతా ఇప్పుడెందుకు?"

"నమాజు అయినంక మీ తమ్ముడు అన్నానికి వస్తడు. గా దినం కూసున్న జాగలనే కూసోండి. గా ఉత్తరంల ఏముండెనో గదే నోటితోని చెప్పండి."

"చెప్పకపోతే ఏం జేస్తవ్?"

చేట ఆపకుండానే అంది. "నీళ్ల గోలెంల ఏస్త. నా పేరు ఒకపారి మీరు తుడిసిండ్రు. రెండోపారి నేనే తుడుస్త."

మధ్యాహ్నం ఆయన చెప్పాడు. అబద్ధమంత మెల్లగా కాదు, తడబడుతూ. కరీం చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది.

"షరీఫా... నేను..."

"భాయిసాబ్ అబద్ధమాడిండు, నువ్వు నమ్మినవు. ఆయన లెక్క ఇయ్యాల తీరింది. నీది తీరలె."

ఇక్బాల్ బీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పెద్దకొడుకని నాకు గా దినం నోరు రాలె బిడ్డా... రేపటిసంది గా స్టూలు మీద నేను కూసుంట. నువ్వు కుర్సీల కూసో."

మర్నాడు ఆడపిల్లలంతా చూస్తుండగా షరీఫున్నీసా ఫ్లాపీ బల్ల మీద పెట్టింది. కంప్యూటరును తాను ముట్టలేదు.

"ముందు ఫోల్డరు చెయ్యండి భాయిసాబ్. పేజీలు గా పేరునే అడుగుతయి. వేరే పేరు పెడితే పలకయి."

పీర్ మహమ్మద్ వేలు ఒక్కో అక్షరం మీదా ఆగి ఆగి ఆమె పేరు కొట్టింది. ఫైలు ఎక్కింది. బటను పలికింది.

"ఇగ లేవండి. పిల్లలకు పాఠం చెప్పాలె."

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఆమె కంచం ముందు కూర్చుంటే, కరీం వంటింటి గుమ్మంలో రొట్టెల పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. ఆమె తలెత్తలేదు. రొట్టెలు చల్లారేదాకా అతడు అక్కడే నిలబడ్డాడు...