గురకను పట్టిన మట్టికుండ

రండర్రా, ఇంకా దగ్గరికి జరగండి. చాప చివర కూర్చున్నవాళ్లకు సగం కథే అందుతుంది, తర్వాత నన్ను అడిగి లాభం లేదు.

మంజులపురంలో సంపంగమ్మ అనే నేతగత్తె ఉండేది. మగ్గం మీద కూర్చుని ఆమె పాట ఎత్తుకుంటే వీధిలో పోయే ఎడ్లు కూడా ఆగి చెవులు రిక్కించేవి. ఒకనాడు వక్రనాదుడనే మాంత్రికుడు దాహమంటూ ఆ ఇంటికి వచ్చాడు. ఆమె పోసిన మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, మంత్రం చదివి ఆమె గొంతును తన గొంతులోకి లాగేసుకున్నాడు. ఆ గొంతుతోనే రాజుగారి కొలువులో ఆస్థాన గాయకుడై పల్లకి ఎక్కాడు. సంపంగమ్మ మూగదైపోయింది.

ఆమెకు పగడాలు అనే కూతురుంది. ఆ పిల్ల కడుపులో ఆనాటి నుంచి నిప్పు ఆరలేదు. ఒక మధ్యాహ్నం మాంత్రికుడి ఇంట్లో పంచెలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆమెకొక వింత వినపడింది. సుష్టుగా తిని పడుకున్న వక్రనాదుడు గురకపెడుతున్నాడు. అది తల్లి గొంతు కాదు. నూనె లేని బండి ఇరుసులాంటి అతడి సొంత గొంతు!

"ఇది కొలువులో వినిపించాలి. నీ పరువు వీధిన పడాలి" అని పళ్లు కొరికింది పగడాలు.

అడవికి అవతల నాదగుహలో ఒక యక్షుడు శబ్దాలు దాచే కుండలు ఊరికే ఇస్తాడని ఆమె విన్నది. ముళ్లు, వాగులు దాటి వెళ్లేసరికి గుహ ముందు పులి అడ్డుపడింది.

"ఎందుకొచ్చావే పిల్లా?"

"పగ తీర్చుకోవడానికి."

పులి నవ్వింది. "లోకం బాగు కోసమని చెప్పినవాళ్లందరినీ తినేశాను. నువ్వొక్కదానివే నిజం చెప్పావు. పో లోపలికి!"

లోపల యక్షుడు మూడు కుండలు చూపాడు. "డబ్బు వద్దు. ఏదైనా తీసుకో తల్లీ. కానీ ఒక్కటే."

బంగారు కుండకు ఒళ్లంతా మీటలే. "ఇవన్నీ నేర్చుకునేసరికి నా జుట్టు నెరుస్తుంది తాతా!"

"వెండి కుండ?"

"ఊరికేనా?"

"మొదటి పాటకు ఊరికే. రెండోదానికి నీ చూపు తీసుకుంటుంది."

"బాగుంది బేరం!" అంటూ ఆమె నెమలి రంగుల మూడో కుండ ఎత్తుకుంది. బయట అరుస్తున్న కాకి గొంతును అందులో పట్టి మూత తీస్తే కోకిల పాట వచ్చింది. మురిసిపోయి రెండడుగులు వేసి, ఠక్కున ఆగిపోయింది.

"అయ్యో! వాడి గురక ఇందులో పడితే వేణుగానమవుతుంది. పగ తీర్చుకోబోయి వాడికి సన్మానం చేసినట్టే!"

ఆ కుండను దించేసిన ఆమె చూపు మూలనున్న మట్టికుండ మీద పడింది. అందులో యక్షుడు నీళ్లు తాగుతున్నాడు.

"దానికేమీ రాదమ్మా. మూత తీస్తే వినపడిందల్లా పట్టుకుంటుంది, మూత తట్టి తీస్తే విన్నదే చెబుతుంది."

"నాకు కావలసింది అదే తాతా!"

యక్షుడు నీళ్లు పారబోసి ఇచ్చాడు. "దొంగ సొంత గొంతు పదిమందిలో పలికితే, దొంగిలించిన గొంతు వాడి దగ్గర నిలవదు. వెళ్లు."

మర్నాటి మధ్యాహ్నం కుండ వక్రనాదుడి మంచం కిందకు చేరింది. గురక పట్టింది, ఈగ మోతా పట్టింది. మీదుమిక్కిలి వాడి కలవరింత కూడా పట్టింది.

వసంతోత్సవం నాడు నిండు కొలువులో వక్రనాదుడు ఆలాపన మొదలుపెట్టగానే, తల్లి చేయి పట్టుకుని వచ్చిన పగడాలు మూత తట్టి తీసింది.

గుర్ర్... గుర్ర్... సభ అంతా ఘొల్లుమంది. ఆ వెంటనే అదే గొంతు, "సంపంగమ్మ పాట నాదే... ఈ రాజు వట్టి వెర్రిబాగులవాడు..."

రాజుగారి ముఖం కందగడ్డయింది. "అది నేను కాదు ప్రభూ!" అని వక్రనాదుడు అరిచాడు. ఆ అరుపు అచ్చం కుండలోని గొంతే! దొంగిలించిన గొంతు జారిపోయింది.

"పగడాలూ!" అంది సంపంగమ్మ. ఆ పిలుపు విని కూతురు బావురుమంది.

"వీడి తల తీయించమంటావా?" అన్నాడు రాజు.

"వద్దు మహారాజా. మా అమ్మ నోరు లేక కూర్చుని వీడి పాట వింది. ఇక వీడు రోజూ ఇక్కడే కూర్చుని మా అమ్మ పాట వినాలి. పాట అయ్యాక తన సొంత గొంతుతోనే భళా అనాలి!"

"కనికరించు తల్లీ!" అన్నాడు వక్రనాదుడు బండి ఇరుసులా.

"మజ్జిగ పోసిన చేతిని నువ్వు కనికరించావా?"

సంపంగమ్మ ఆస్థాన గాయని అయింది. మట్టికుండ మగ్గం పక్కకు చేరింది. అందులో ఆమె పాటతో పాటు మగ్గం చప్పుడూ ఉంటుంది, పగడాలు నవ్వూ ఉంటుంది.

విన్నారుగా? గుర్తుంచుకుని రేపు మీ వాళ్లకు చెప్పండి. గురక దగ్గర మాత్రం సిగ్గుపడకుండా గట్టిగా పెట్టి మరీ చెప్పాలి, సరేనా?