సమాధి మీద వెచ్చని ఇత్తడి

ఎల్వీరా గుప్పిట విప్పి ఒక ఖాళీ తూటా గుల్లను డిటెక్టివ్ ప్రైస్ బల్ల మీద పెట్టింది.

"మా ఆయనదండీ. అడుగున ఈ నక్షత్రం ఆయన గీసిందే. పొద్దున్నే ఆయన సమాధి మీద దొరికింది. ముట్టుకుంటే అప్పటికింకా వెచ్చగా ఉంది!"

"ఆయన పోయిందెప్పుడమ్మా?"

"వేసవిలో. తుపాకీ కూడా ఆయన పక్కనే పెట్టి పూడ్చాం. తెల్లవారుతుంటే కొండ మీద తుపాకీ పేలుతుంది. వెళ్ళి చూస్తే రాతి మీద ఇలాంటిది నిలబెట్టి ఉంటుంది. చెబితే పిచ్చిదాన్నంటున్నారు. రేపు డాక్టరు ఫిచ్ గారు కాగితం రాసి నన్ను పిచ్చాసుపత్రికి పంపేస్తారట."

ప్రైస్ సహాయకుడు డెల్ రాస్తున్న పెన్సిలు ఆపాడు. మోంటానా రాష్ట్రంలో దుప్పుల వేటకాలం వస్తే తుపాకీ మోత ఎవరూ పట్టించుకోరు. కానీ పాతిపెట్టిన తుపాకీ పేలితే పట్టించుకోక చస్తారా?

ప్రైస్ గుల్లను వేళ్ళతో రుద్ది వాసన చూశాడు. "జిడ్డు. గొర్రె ఉన్ని నుంచి తీసే కొవ్వులా ఉంది. ఇదెప్పట్నుంచి జరుగుతోంది?"

"ఆయన చిన్న జ్వరంతో, ఫిచ్ గారి మందు వాడుతుండగానే పోయారండీ. నాకు నమ్మకం కుదర్లేదు. సమాధి తవ్వి పరీక్ష చేయించమని షెరీఫుకి అర్జీ పెట్టాను. అప్పట్నుంచే. 'చచ్చినవాణ్ణి కదిపితే ఊరుకుంటాడా వదినా?' అని మరిది బర్ట్ ఒకటే ఎగతాళి."

ఆ మధ్యాహ్నమే వాళ్ళు కొండవాలున ఉన్న ఎల్వీరా ఇంటికి వెళ్ళారు. షెడ్డులో ఆమె భర్త వెండెల్ తూటాల పెట్టె సగం ఖాళీగా ఉంది. మూలన అతను పేల్చి దాచుకున్న గుల్లలున్నాయి. ప్రైస్ వాటిని తడిమాడు. పొడిగా ఉన్నాయి.

"మీ అన్న తూటాలు నువ్వేమైనా తీశావా?" అని బర్ట్‌ని అడిగాడు.

"నేనా? ఏం చేసుకోను? వాడి తూటా నా తుపాకీలోకి దిగి చావదుగా! పేలిన గుల్లకి మెడ మాత్రం నొక్కి మళ్ళీ తుపాకీమందు నింపేవాడు. 'నా తుపాకీకి సరిపోతే చాలు' అనేవాడు మొండిఘటం."

మర్నాడు ఎల్వీరా వంటింట్లో కాఫీ కాగుతోంది. తలుపు పక్కన బర్ట్, ఫిచ్‌ల వేట తుపాకులు ఆనించి ఉన్నాయి. షెరీఫు, బర్ట్ కూర్చున్నారు. డాక్టరు ఫిచ్ కలం తీశాడు.

"అక్కడ నీకు విశ్రాంతిగా ఉంటుంది తల్లీ. ఆ గుల్లలు నువ్వే పెట్టుకుంటున్నావు. షెడ్డులో కావలసినన్ని ఉన్నాయిగా."

"అదీ చూద్దాం," అన్నాడు ప్రైస్. "పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి, ఆ తుపాకీ లోపలి ఆకారాన్ని పట్టుకుంటుంది. అచ్చులో వేసి ఒళ్ళంతా నొక్కితే తప్ప వేరే తుపాకీలోకి నున్నగా దిగదు. అచ్చులో ఇరుక్కోకుండా కొవ్వు రాయాలి."

ప్రైస్ సమాధి గుల్లను బర్ట్ తుపాకీలో పెట్టి, వెనక గడియలాంటి బోల్టు తోశాడు. సగంలో ఆగింది. తర్వాత ప్రైస్ దాన్ని ఫిచ్ తుపాకీలో పెట్టాడు. బోల్టు చప్పుడు లేకుండా మూసుకుంది. షెడ్డులోని గుల్ల మాత్రం అదే తుపాకీలోకి ససేమిరా దిగలేదు.

"దయ్యానికి తన తూటాల్ని నొక్కి సరిచేసుకునే అవసరమేమిటి డాక్టరు గారూ? ఇది పేలింది మీ తుపాకీలోనే. రోగిని చూడ్డానికి వచ్చినప్పుడు తూటాలు పట్టుకుపోయారు. మీ తుపాకీలోకి దిగకపోతే లేపనాల్లో కలిపే ఉన్ని కొవ్వు రాసి నొక్కారు. సమాధి తవ్వితే మీ మందు బయటపడుతుంది. అర్జీ పెట్టినావిడ పిచ్చిదైతే ఇక తవ్వేదెవరు?"

ఫిచ్ కలం బల్ల మీద పెట్టేశాడు. "మోతాదు తప్పింది... చంపాలని కాదు," అన్నాడు. షెరీఫు అతని చెయ్యి పట్టుకుని లేపాడు.

బర్ట్ టోపీ తీసేశాడు. "వదినా, నా నోరు పడిపోనూ! ఇక భయం లేదు. ఎవ్వరూ రారు."

ఎల్వీరా కిటికీలోంచి కొండకేసి చూసింది.

"భయమేసినా, ఆయనే వస్తున్నారనుకున్నాను బర్ట్," అంది. "ఇక రారన్నమాట."

భర్త పోయాక మొదటిసారి ఆమె బావురుమంది.