ముద్ర పడని తిమింగలం

భీమిలి రేవులో తిమింగలాల్ని చూపించే పడవ ఎక్కేవాళ్లకి టిక్కెట్టుతో పాటు ఒక కళ్లజోడు చేతిలో పెట్టేవారు. లైఫ్ జాకెట్ వేసుకోవడం మరిచిపోయినవాళ్లు ఉన్నారు గానీ ఆ కళ్లజోడు పెట్టుకోవడం మరిచిపోయినవాళ్లు లేరు. పెట్టుకోగానే బూడిదరంగు బంగాళాఖాతం నెమలికంఠం రంగుకి తిరిగేది. ఎగిరే చేపలు పడవ మీదుగా బాణాల్లా దూసుకుపోయేవి. కాస్త లోపలికి వెళ్తే తాటిచెట్టంత తిమింగలాలు నీళ్లలోంచి నిటారుగా లేచి, గాలిలో మెలితిరిగి, వెల్లకిలా పడేవి. ఏ ట్రిప్పులోనూ అవి తప్పేవి కావు. అవేవీ నిజం కాదని అందరికీ తెలుసు. ఎవరికీ పట్టింపు లేదు. రెండు వేల డెబ్భైలు గడుస్తున్న ఆ రోజుల్లో సముద్రాన్ని అలా చూడటమే అలవాటైపోయింది.

ఆ ఉదయం పడవ ఎక్కినవాళ్లలో డాక్టర్ మైలపల్లి నూకరత్నం ఒకరు. అరవైకి దగ్గరపడిన మనిషి. పొట్టి జుట్టు, మోచేతుల దాకా మడిచిన చొక్కా, ఎదుటివాడు మాట పూర్తిచేసేలోగా సమాధానం సిద్ధం చేసుకునే కళ్లు. అందరూ పెట్టుకున్న ఆ కళ్లజోడులోని అసలు యంత్రాన్ని కనిపెట్టింది తనేనని పడవ నడిపే సరంగు దానయ్యకి తప్ప పడవలో ఎవరికీ తెలియదు.

ఆ యంత్రం పేరు దృష్టిముద్ర.

ఒకప్పుడు తిమింగలాల్ని, డాల్ఫిన్లని చూడబోయిన యాత్రికులే సైన్సుకి పెద్ద ఆసరా. ఎక్కడ కనిపించింది, ఎటు పోతోంది, ఎన్ని ఉన్నాయి, పక్కన పిల్ల ఉందా అని వాళ్లు పంపే వివరాలతోనే ఆ జీవుల దారులు తెలిసేవి. తర్వాత కంప్యూటర్లు నిజాన్ని మించిన బొమ్మలు పుట్టించడం నేర్చాయి. లేని తిమింగలాల ఫోటోలు, లేని కూతల రికార్డులు కుప్పలుగా వచ్చిపడ్డాయి. ఏది నిజమో తేల్చలేక కోర్టులు ఫోటోని, వీడియోని, శబ్దాన్ని కూడా సాక్ష్యం కాదని కొట్టిపారేశాయి.

అప్పుడు నూకరత్నానికి ఒక ఆలోచన వచ్చింది. బొమ్మని కల్పించవచ్చు, మనిషి మెదడుని మోసగించడం కష్టం. ప్రాణమున్న ఒక మహాకాయం హఠాత్తుగా నీటిమీద తేలినప్పుడు చూసినవాడి మెదడులో రెప్పపాటు కాలం ఒక అల లేస్తుంది. దానికి ఆమె 'ఆశ్చర్యతరంగం' అని పేరు పెట్టింది. నీటి అడుగున శబ్దంతో వెతికే సోనార్‌కి ఒక శరీరం తగలాలి, ఆ శరీరం మీది వెలుగు మనిషి కంటిలో పడాలి, అదే క్షణంలో ఆ అల లేవాలి. మూడూ కలిస్తేనే యంత్రం ముద్ర వేస్తుంది. వేలమంది మీద పరీక్షించారు. నిజమైన తిమింగలాన్ని చూసి అల లేవని మనిషి ఒక్కడూ దొరకలేదు. కోర్టులు ఒప్పుకున్నాయి. ప్రపంచంలోని ప్రతి తీరంలోనూ దృష్టిముద్రే చట్టం అయింది.

ఆ చట్టంలో ఇంకో ముక్క కూడా ఉంది. వరసగా మూడు సీజన్లు ఒక్క ముద్రయినా పడని చోటుని 'ఖాళీ సముద్రం' అని ప్రకటించవచ్చు. అక్కడ ఎవరైనా తవ్వుకోవచ్చు.

భీమిలికి ఎదురుగా నీటి అడుగున నల్లలోయ అనే పెద్ద అగాధం ఉంది. దాని అడుగున ఉన్న ఖనిజాల మీద రత్నగర్భ అనే సంస్థ కన్నేసింది. నల్లలోయలో ముద్రలు పడక ఇది మూడో సీజను, అదీ ముగిసిపోతోంది. కానీ నూకరత్నం నీళ్లలోకి దించిన మైకుల్లో తిమింగలాల గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి. ఉన్నవి కనిపించకుండా ఎలా పోతాయి? కారణం ఆమెకి ఒక్కటే తోచింది. యాత్రికులకి ఈ రంగుల కళ్లజోళ్లు ఉచితంగా పంచుతున్నది రత్నగర్భే. దృష్టిముద్ర మీద ఒక అలంకార పొర వేసి, అందులో అబద్ధపు తిమింగలాల్ని ఆడిస్తోంది. నిజమైన తిమింగలం పడవకి ఎడమపక్క తేలుతుంటే జనం కుడిపక్క బొమ్మని చూస్తున్నారు. ఆ పొర తీసేస్తే చాలు, ముద్రలు వానలా పడతాయి. ఆమెకి అందులో అనుమానం లేదు.

పడవ లోయ మీదికి రాగానే ఆమె లేచి నిలబడి చేతిలోని పలకమీద వేలు నొక్కింది. ఒక్కసారిగా అందరి కళ్లముందూ నెమలికంఠం రంగు ఆరిపోయింది.

"అయ్యో, ఏమైంది? పాడైపోయిందా?" అన్నారు జనం.

రత్నగర్భ యూనిఫాంలో ఉన్న మేదిని అనే అమ్మాయి పరుగున వచ్చింది. "ఎవరు మేడం మీరు? పొర తీయడానికి మీకు హక్కు లేదు. యాత్రికులతో మా సంస్థకి ఒప్పందం ఉంది."

"కళ్లజోడు లోపలి యంత్రం నాది. దాని తాళం నా చేతిలో ఉంది" అంది నూకరత్నం.

"మీమీద కేసు పెడతాం."

"పెట్టుకో అమ్మా. నా పేరు రాసుకో, తప్పులు లేకుండా రాసుకో. దానయ్యా, ఇంజను ఆపు!"

దానయ్య నవ్వుకుంటూ ఇంజను ఆపాడు. "ఏటమ్మా, పడవలో యుద్ధం పెట్టీసినావు! మాటాడకండి, అదిగో, తూరుపేపు నురగ సూడండి."

పడవ అలల మీద మెల్లగా ఊగింది. జనం విసుక్కుంటూనే తూర్పు వైపు తిరిగారు. ముందు బుస్సుమని ఒక ఊపిరి. ఆవిరి పొగలా లేచి గాలికి విరిగిపోయింది. తర్వాత ముదురు బూడిదరంగు వీపు, నూనె రాసినట్టు మెరుస్తూ, చాలాసేపు జారుతూనే ఉంది. చివర్లో కొడవలిలాంటి చిన్న రెక్క. బ్రైడ్స్ జాతి తిమింగలం. దాని పక్కనే ఇంకో ఊపిరి, చిన్నది, తొందర తొందరగా. పిల్ల!

'దొరికింది' అనుకుంది నూకరత్నం. 'లోయలో పిల్లని పెంచుతోంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఇంక రత్నగర్భ నోరు మూసుకోవాల్సిందే.'

తల్లీపిల్లా ఇంకోసారి తేలి, వీపులు వంచి, లోయలోకి దిగిపోయాయి.

జనం ఇంకా నీళ్లకేసే చూస్తున్నారు. తర్వాత వెనకనుంచి ఒకాయన అడిగాడు, "ఇంతేనా?"

"ఎగరదా?" అంది ఒక పాప.

"ఎగిరేది చూపిస్తారు, ఆగు. మేడంగారు మళ్లీ ఆన్ చేస్తారు" అంది వాళ్లమ్మ.

నూకరత్నం వాళ్లని పట్టించుకోలేదు. ముద్రలు లెక్కగట్టే యంత్రానికి సాక్షి అని పేరు. ఆమె దాన్నే పిలిచింది. "సాక్షీ, ఎన్ని ముద్రలు పడ్డాయి?"

"ఒక్కటీ పడలేదు, డాక్టర్ గారూ" అంది సాక్షి తన నిదానమైన గొంతుతో.

"పొర తీసేశాను కదా! సోనార్ పని చేసిందా?"

"చేసింది. రెండు శరీరాలు తగిలాయి. వాటి మీది వెలుగు పడవలో అందరి కళ్లలోనూ పడింది. కానీ ఎవరిలోనూ ఆశ్చర్యతరంగం లేవలేదు. వీళ్లు ఇంతకంటే పెద్దవి, ఇంతకంటే ఎత్తు ఎగిరేవి చాలా చూశారు."

నూకరత్నం తన కళ్లజోడుని చేత్తో తడిమి చూసుకుంది. "నా కళ్లజోడు? నేను చూశాను. తల్లినీ పిల్లనీ రెంటినీ చూశాను!"

సాక్షి ఒక క్షణం ఆగింది. యంత్రాలకి ఆగాల్సిన పని లేదు. మనుషులకి కష్టమైన మాట చెప్పేముందు ఆగమని దానికి నేర్పింది ఆవిడే.

"మీ ముద్ర కూడా పడలేదు. ఆ క్షణంలో మీ మెదడులో గెలుపు కనిపించింది, కోపం కనిపించింది. ఆశ్చర్యం లేదు."

ఆమె పడవ అంచు పట్టుకుని కూలబడింది. ఎన్నేళ్లు! తిమింగలాన్ని చూసి ఆశ్చర్యపోని మనిషి ఉండడని నమ్మి ఆ నమ్మకం మీద ఒక శాస్త్రాన్నే కట్టింది. ఆ నమ్మకం తనలోనే ఎప్పుడు చచ్చిపోయిందో తనకే తెలియలేదు. మేదిని ఆమె మొహం చూసి, ఒక మంచినీళ్ల సీసా పక్కన పెట్టి వెళ్లిపోయింది.

పడవ ఒడ్డుకి చేరేదాకా నూకరత్నం తలెత్తలేదు. తలెత్తినప్పుడు మాత్రం ఆమె కళ్లలో నీళ్లు లేవు. "సాక్షీ, రేపు నల్లలోయ మీద జరిగే మండలి విచారణకి నువ్వూ రావాలి" అంది.

"వస్తే మీకు వ్యతిరేకంగా చెప్పాల్సి వస్తుంది."

"చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

సముద్ర సాక్ష్యాల మండలికి అధ్యక్షుడు ఓరుగంటి చక్రధరం. నూకరత్నంతో కలిసి చదువుకున్నాడు, ఒకే ప్రయోగశాలలో ఎదురెదురు బల్లల మీద పనిచేశాడు. చెడ్డవాడు కాదు. చట్టాన్ని దాటి ఒక్క అడుగు వేయడు, అంతే.

విచారణకి ముందు తన గదిలోకి పిలిచి చెప్పాడు, "రత్నం, నిన్నటి ట్రిప్పు వివరం చదివాను. నాకు బాధగానే ఉంది. కానీ నీ యంత్రమే చూడలేదంటే నేనేం చేయను? మైకులు సాక్ష్యానికి పనికిరావని వాదించింది కూడా నువ్వే."

"నేనే. ఇవాళ దాని గురించి కూడా అక్కడే మాట్లాడతాను. నువ్వు ఒక్క సాయం చెయ్యి. అడిగినప్పుడు ఈ కళ్లజోడు పెట్టుకో."

హాలు నిండిపోయింది. రత్నగర్భ తరఫు లాయరు నున్నగా, క్లుప్తంగా మాట్లాడి కూర్చున్నాడు. మూడు సీజన్లు, ముద్రలు సున్నా, లోయ ఖాళీ. యంత్రాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త స్వయంగా వెళ్లినా ముద్ర పడలేదు. ఇంతకంటే ఏం కావాలి?

నూకరత్నం సాక్షిని, ఒక చిన్న సోనార్‌ని బల్లమీద పెట్టి లేచింది. "అధ్యక్షా, తమరు కళ్లజోడు పెట్టుకుని నన్ను చూడండి."

చక్రధరం ఇబ్బందిగా నవ్వి పెట్టుకుని ఆమెని చూశాడు.

"సాక్షీ, ఇక్కడ ఒక శరీరం ఉందా?"

"ఉంది."

"దాని మీది వెలుగు అధ్యక్షులవారి కంటిలో పడిందా?"

"పడింది."

"ముద్ర?"

"పడలేదు. ఆశ్చర్యతరంగం లేదు."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నూకరత్నం నవ్వలేదు.

"నన్ను ముప్ఫయ్యేళ్లుగా చూస్తున్నారు. ఆశ్చర్యం ఎక్కడినుంచి వస్తుంది? అయితే చట్టం ప్రకారం నేను లేను. నేను నిలబడ్డ చోటు ఖాళీ. లాయరుగారు కావాలంటే ఇక్కడ తవ్వుకోవచ్చు."

లాయరు లేచాడు. "ఇది మాటల గారడీ! మనిషి వేరు, తిమింగలం వేరు."

"వేరు కాదు. ఇంటికెళ్లి ఈ కళ్లజోడుతో మీ భార్యని చూడండి, మీ పిల్లల్ని చూడండి. ఎంతమంది మిగులుతారో లెక్కపెట్టుకోండి" అంది ఆమె. గొంతు పెరిగింది. "నా యంత్రం సముద్రాన్ని కొలుస్తుందని అనుకున్నాను. అది కొలిచింది మనల్ని. మూడు సీజన్లలో ఖాళీ అయింది నల్లలోయ కాదు, మనం. మనకి విసుగు పుట్టినంత మాత్రాన ఒక తల్లి, దాని పిల్ల లేకుండా పోతాయా? మనం నోరెళ్లబెడితేనే బతికే హక్కు వస్తుందని వాటికి ఎవరు చెప్పారు? నేను చెప్పాను! నా చేత్తో రాసిన సూత్రం అది. అది తప్పు."

"డాక్టర్ గారూ, మీరేం చేయబోతున్నారు?" అన్నాడు చక్రధరం నెమ్మదిగా.

"దృష్టిముద్ర నమ్మదగిందని చట్టానికి హామీ ఇచ్చింది నేను. ఆ హామీని ఇప్పుడు, ఈ సభలో వెనక్కి తీసుకుంటున్నాను. ఈ క్షణం నుంచి నా యంత్రం వేసిన ఏ ముద్రా చెల్లదు. ముద్ర చెల్లనప్పుడు సున్నా కూడా చెల్లదు. నల్లలోయ ఖాళీ అని చెప్పడానికి మీ దగ్గర ఇప్పుడు ఏ ఆధారమూ లేదు."

లాయరు మళ్లీ లేచాడు. "తెలిసే మాట్లాడుతున్నారా? మీ ముద్రల మీద ఆధారపడి ప్రపంచమంతా తవ్వకాలు నిషేధించిన అభయజలాలు ఎన్నో ఉన్నాయి. అవన్నీ కూలుతాయి. మీ జీవితమంతా కూలుతుంది!"

"కూలనీ. మళ్లీ కడతాం. నీటికింద గొంతులు విందాం. ఉత్త కళ్లతో చూసినవాళ్లని అడుగుదాం. దొంగ సాక్ష్యాలు వస్తే ఒక్కొక్కదానితో కొట్లాడదాం. కష్టమే. ఆ కష్టం తప్పించుకోవడానికే నేను ఈ యంత్రం చేశాను. ఇంక తప్పించుకోను. అభయజలాల కోసం ప్రతి కోర్టు మెట్టూ నేనే ఎక్కుతాను, నేను పోయాక ఇంకొకళ్లు ఎక్కుతారు. కానీ నా పేరుతో ఈ లోయలో గునపం దిగదు."

ఆమె కుర్చీ మీది సంచి భుజాన వేసుకుంది. తలుపు వైపు నడిచింది. వెనకనుంచి సాక్షి గొంతు స్పష్టంగా వినిపించింది.

"ముద్ర పడింది."

అందరూ అటూ ఇటూ చూశారు. చక్రధరం కళ్లజోడు ఇంకా తీయలేదు. అతని చూపు నూకరత్నం మీదే ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

"అధ్యక్షులవారి ఎదుట ఒక ప్రాణి ఉన్నట్టు నిర్ధారణ అయింది" అంది సాక్షి. "నమోదు చేయమంటారా, డాక్టర్ గారూ?"

నూకరత్నం తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"వద్దు" అంది. "ఇప్పుడే చెప్పాను కదా, చెల్లదని. నేను ముందు నుంచీ ఇక్కడే ఉన్నాను."