ముల్కీ కాగితం

"తలుపు తియ్యకు రాధా!" అన్నాడు సూర్యనారాయణ భార్యతో, కిటికీ రెక్క బిగించి పట్టుకుని.

రాధాబాయి చెవులు రిక్కించింది. మిట్టమధ్యాహ్నమే అంగడి కట్టేశారు. వాకిట్లో ఆరబోసిన పసుపు కొమ్ములను తొక్కుకుంటూ ఎవరో వస్తున్న చప్పుడు!

"అక్కా, నేను… రాజేశ్వర్‌ను!"

తమ్ముడే! అయినా గడియ మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. గైర్ముల్కీలు, అంటే బయటి నుంచి వచ్చినవాళ్లు, వెళ్లిపోవాలని ఆర్మూరులో సాగే ఊరేగింపులకు ముందు నడిచేది అతడే కదా! తోడబుట్టినవాడికి తలుపు తీయడానికి భయపడే రోజు వస్తుందని ఏ ఆడది అనుకుంటుంది…

చివరికి గడియ తీసింది. రాజేశ్వర్ లోపలికి రాగానే సూర్యనారాయణ నవ్వబోయాడు. "పెళ్లిలో గోంగూర బావా అని ఏడిపించావు. ఇప్పుడు గైర్ముల్కీ బావనయ్యానా? ముల్కీ నిబంధనలు చెల్లవని హైకోర్టు తీర్పు మావైపే ఉందయ్యా!"

"గా తీర్పుకే గదా బావా, జనం మండుతున్నది! రేపు ఇంకో తీర్పొస్తే మీవోళ్లు మండుతరు. కోర్టు హైదరాబాద్‌ల ఉన్నది, జనం మీ గల్లీల ఉన్నరు. మీ ముల్కీ కాగితం సంగతి బయటపడ్డది. పొద్దుగూకక ముందే వస్తరు!"

పదకొండేళ్ల క్రితం, గుంటూరు నుంచి వచ్చి అప్పటికి రెండేళ్లయినా నిండని సూర్యనారాయణ పదిహేనేళ్లుగా ఇక్కడే ఉన్నాడని, రాధాబాయి తండ్రి చంద్రయ్య తహసీలు కచేరీలో సాక్ష్యం చెప్పాడు. పదిహేనేళ్లు ఇక్కడ ఉన్నవాళ్లకే సర్కారు కొలువు కాబట్టి, ఆ ముల్కీ కాగితంతోనే అతడికి పంతులు ఉద్యోగం దొరికింది. ఆ ఉద్యోగానికే దరఖాస్తు పెట్టుకున్న రాజేశ్వర్ నేటికీ అంగట్లో పసుపు తూస్తున్నాడు!

"తమ్మీ… తప్పు నాయనది కాదురా! నేనే ఆయన కాళ్లు పట్టుకున్న…"

"ఎరికే అక్కా. గప్పుడు నేను పక్క అర్రలనే ఉన్న. నీ సంసారం నిలబడ్తదని నోరు మూసుకున్న!"

ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడ్వకు. నాలుగు గంటల బస్సుకు బావను నిజామాబాద్ దాక నేనే తోల్కపోత. నువ్వుండు. ఈడిదానివి, నిన్నెవ్వలేమంటరు?"

"నా మొగుణ్ని తరిమిన ఊళ్లె, నన్నేమనకుంటే మాత్రం నేనెట్ల ఉంటరా!"

ముగ్గురూ ఎక్కిన బస్సును ఊరు దాటగానే జనం ఆపారు. కర్రలు పట్టుకున్న ఇద్దరు పైకెక్కారు.

"ఎవలన్నా వీళ్లు?"

ఊరివాళ్లే అని ఒక్క అబద్ధం చాలు, అనుకుంది రాధాబాయి… తండ్రి చెప్పినట్టే!

"మా అక్క, మా బావ. బావది గుంటూరు. నేనే తీస్కపోతున్న," అన్నాడు రాజేశ్వర్.

వాళ్లు అతడి ముఖం చూశారు. "రేపటి సంది మా ముందల నడువకు," అని చెప్పి దిగిపోయారు.

బస్సు కదిలింది. రాధాబాయి తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది. ఆ భుజం వణుకుతోంది… వాడికీ తనకున్నంత భయం!

"అక్కా, చెయ్యి తియ్యకు," అన్నాడు, చిన్నగా.