తొంభై తొమ్మిది రాతి నోళ్లు

ఆపరేషన్ పేరు 'దాహం'. ఆదేశం చిన్నది. ఇటలీలోని లాక్విలా పట్టణంలో ఉన్న పెద్ద ఫౌంటెన్‌కు నీళ్లు ఏ ఊట నుంచి వస్తున్నాయో శత్రువు కంటే ముందే కనిపెట్టాలి. ఆగస్టు చివర పాపక్షమ పండుగకు ఊరు జనంతో నిండినప్పుడు ఒక విదేశీ ముఠా అందులో విషం కలపబోతోంది.

ఏజెంట్ దొనాతో ఆ ఫౌంటెన్ పక్క వీధిలో పుట్టినవాడు. పైపుల మేస్త్రీ వేషంలో, టార్చిలో కెమెరా దాచుకుని, వేసవంతా ఫౌంటెన్ కింది సొరంగాల్లో పాకాడు. ఊట దొరకలేదు. దొరకదని అతనికి ముందే తెలుసు. తొంభై తొమ్మిది ఊళ్లవాళ్లు ఒకరినొకరు నమ్మి కట్టుకున్న పట్టణమది. ఊరికొకటి చొప్పున ఫౌంటెన్ గోడల నిండా రాతి ముఖాలు, అన్నిటి నోళ్ల నుంచీ ఒకే నీరు. రహస్యం బయటపడకూడదని, పని పూర్తవగానే పెద్దలు దాన్ని చెక్కిన శిల్పి తల తీయించి అక్కడి బండ కిందే పాతేశారని చెప్పుకుంటారు. ఆనాటి నుంచి ఆ నీళ్లు ఎక్కడివని ఊళ్లో ఎవరూ అడగరు. తాగుతారు, బట్టలు ఉతుక్కుంటారు, ఇంటికి పోతారు.

పదేపదే అడిగింది ఇద్దరే. ఒకరు దొనాతోను గూఢచారి సర్వీసులోకి తెచ్చి పెంచిన కర్నల్ రుజ్జేరి. రెండోది ఓర్నెల్లా, ఇటు సర్వీసు, అటు ముఠా, రెండు వైపులా జీతం తీసుకునే అందగత్తె. ఆఫీసులో అందరి అనుమానమూ ఆమె మీదే. దొనాతోకు ఆమె అంటే ప్రాణం.

తమ ప్రతి అడుగూ ముఠాకు ముందే తెలిసిపోతోంది. అందుకే ఊట దొరికిందని ఇద్దరికీ చెరో అబద్ధం చెప్పాడు. కర్నల్‌కు పాత పిండిమరలోని బావి అన్నాడు. ఓర్నెల్లాకు కొండ మీది చర్చి వెనక గుంట అన్నాడు. పండుగ రోజు చర్చికి పోలీసుల్ని పంపాడు. ఆమెను తన చేతులతో పట్టుకునే ధైర్యం లేక తను మరలో కూర్చున్నాడు.

ఊరేగింపు డప్పులు మొదలవగానే మర తలుపు తెరుచుకుంది. వచ్చింది కర్నల్. వెంట ఒక విదేశీయుడు, చేతిలో స్టీలు ఫ్లాస్కు.

"ఆ బావి ఎండిపోయి చాలా ఏళ్లయింది సార్," అన్నాడు దొనాతో.

విదేశీయుడు పిస్టల్ తీసేలోపు దొనాతో తుపాకీ పేలింది, అతను నేలకొరిగాడు. ఫ్లాస్కు మూత ఊడకుండానే నేల మీద పడింది. కర్నల్ బావి గట్టు మీద కూలబడ్డాడు. ముఖంలో భయం లేదు, బాధ ఉంది.

"కన్నకొడుకులా చూసుకున్నాను కదరా. నాకే అబద్ధం చెబుతావా?"

దొనాతోకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. ఎందుకు చేశారని అడిగితే, సరస్సు ఒడ్డున ఇల్లు ఇస్తామన్నారని చెప్పాడు కర్నల్.

చర్చి దగ్గర పోలీసులు గర్వంగా సెల్యూట్ కొట్టారు. ఓర్నెల్లా చేతులకు బేడీలు ఉన్నాయి. ఊట అని తను నమ్మిన గుంట మీద ఎవరూ చెయ్యి వేయకుండా పొద్దుటి నుంచి పిస్టల్ పట్టుకుని ఒంటరిగా కాపలా కాసిందట. ఎంత చెప్పినా వీళ్లు వినలేదట.

జరిగినదంతా చెబుతూ దొనాతో బేడీలు విప్పాడు. ఆమె మణికట్లు రుద్దుకుంటూ చివరిదాకా విన్నది.

"రెండు వైపులా పనిచేశాను, దొనాతో. నన్ను నమ్మింది మాత్రం, పాపం, శత్రువులే."