మూడు కళ్ళ తూము దగ్గర గంట

మూడు కళ్ళ తూము దగ్గర రాత్రిపూట ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు.

మహల్లా బట్టల మిల్లు నుంచి మా పల్లెలకు వెళ్ళే కాలువగట్టు మీద, నాలుగో కిలోమీటరు దగ్గర ఉంది ఆ తూము. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క వరిమళ్ళు. ఇల్లు లేదు, దీపం లేదు. సరిగ్గా అక్కడే గట్టు సన్నబడి కాలువ వైపు ఒరుగుతుంది. ఆ నీళ్ళలో నద్దాహా ఉందని మావాళ్ళ నమ్మకం. నద్దాహా అంటే పిలిచే ఆడది. దారిన పోయేవాణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది. పలికాడా… తెల్లారేసరికి కాలువలో ఉంటాడు.

ఆ చోటికి ఊరికే చెడ్డపేరు రాలేదు. ఇరవై ఏళ్ళ కిందట ఒక రాత్రి, పదకొండున్నరకు షిఫ్టు దిగి సైకిళ్ళ మీద ఇళ్ళకు పోతున్న ఏడుగురు నేతగాళ్ళను అది వరసగా పిలిచింది. ఎవరి పేరు వాళ్ళకు తగిలేలా, ఒక్కొక్కరినీ పిలిచింది. ఏడుగురిలో ఒక్కడూ పలకలేదు. తల తిప్పలేదు. ఊపిరి బిగబట్టి తొక్కారు, బతికిపోయారు. ఎనిమిదోవాడు అబ్దుల్ మౌజూద్ వెనకాల వస్తూ పలికి ఉంటాడు — పొద్దున అతని శవం తూము కంటికి అడ్డంపడి కనిపించింది.

అది ఆడగొంతేనా అని ఎవరూ గట్టిగా అడగలేదు. అడిగినా లాభం లేదు. ఎనిమిది గంటలు మగ్గాల మధ్య నిలబడ్డ చెవులవి. షిఫ్టు దిగాక కూడా చాలాసేపు లోపల మోత ఆగదు. పేరు మాత్రం విన్నారు. అది చాలు.

ఆ ఏడుగురూ ఈ కథను పెళ్ళిళ్ళలోనూ చావుల దగ్గరా చెప్పి గౌరవం సంపాదించారు.

ఇక నేను చెప్పబోయేది బయ్యూమీ సంగతి. అతను చెప్పగా విన్నదే. నేను అప్పటికే పొద్దుటి షిఫ్టుకు మారి చాలా ఏళ్ళయింది.

వరికోతల కాలం. మళ్ళలో గడ్డి తగలబెట్టిన పొగ గట్టు మీద దుప్పటిలా పరుచుకుని ఉంది. మిల్లు గేటు దగ్గర ఆరుగురు సైకిళ్ళెక్కారు. ముందు హాజీ మెత్వల్లీ. ఇరవై ఏళ్ళ కిందటి ఏడుగురిలో మొదటివాడు ఆయనే. మధ్యలో ముగ్గురు. ఆ వెనక బయ్యూమీ, అందరికంటే వెనక అతని అక్క మొగుడు షాబాన్.

షాబాన్ సైకిలుకు దీపం ఉంది. దాన్ని వెలిగించే డైనమో టైరుకు ఆనుకుంటే చక్రం బరువెక్కుతుంది. అందుకని డైనమోను టైరు మీదనుంచి లేపేసి తొక్కడం అతనికి అలవాటు.

"బావా, డైనమో దించు," అన్నాడు బయ్యూమీ.

"మధ్యాహ్నంనుంచీ మగ్గానికి చాకిరీ చేశాను. ఇప్పుడు దీపానికి కూడా నా కాళ్ళే కావాలా? ముందు నీ దీపం ఉందిగా. దాన్ని పట్టుకుని వస్తాలే."

"నా దీపం నీకు దారి చూపిస్తుంది. నువ్వున్నావని ఎదుటివాడికి ఎవరు చూపిస్తారు?"

"నీ అక్క చూపిస్తుందిలేరా బామ్మర్దీ. చీకట్లో ఎక్కడ దాక్కున్నా కనిపెట్టేస్తుంది నన్ను!"

అందరూ నవ్వారు. బయ్యూమీ కూడా నవ్వాడు. అక్కడే తప్పు చేశాడు. దీపం విషయంలో నవ్వుకు చోటివ్వకూడదు. దీపం పెట్టనివాణ్ణి గేటు దాటనివ్వకూడదు.

తూము దగ్గరయ్యే కొద్దీ మాటలు ఆగిపోయాయి. అది పద్ధతి. అక్కడ పేర్లు లేవు, పలకరింపులు లేవు. చైన్ల చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు.

ఎదురుగా పొగలోంచి ఏదో పెద్ద ఆకారం కదిలింది… గడ్డి మోపులేసుకున్న ట్రాక్టరు. దానికీ దీపం లేదు. గట్టంతా ఆక్రమించి, మోత పెడుతూ వాళ్ళను రాసుకుని పోయింది. ఐదుగురూ మళ్ళ వైపు ఒదిగారు. దుమ్ము. పొగ. ఎవరి కళ్ళూ తెరుచుకోలేదు.

ట్రాక్టరు మోత దూరమైంది.

అప్పుడు వినిపించింది. వెనకనుంచి.

ట్రింగ్…

సైకిలు గంట. బయ్యూమీ ఓరగా వెనక్కి చూశాడు. గట్టు ఖాళీ. నలుపు తప్ప ఏమీ లేదు.

ట్రింగ్… ట్రింగ్…

గట్టు మీదనుంచి కాదు — కిందనుంచి. నీళ్ళ వైపు నుంచి.

"చెవుల్లో మోతేమో," అని తనకు తాను చెప్పుకున్నాడు. కానీ ముందున్నవాడి వీపు బిగుసుకోవడం చూశాడు. ఆ ముందువాడు పెడలు మీద లేచి నిలబడ్డాడు.  ఐదు సైకిళ్ళూ ఒక్కసారి వేగం అందుకున్నాయి. బయ్యూమీ కాళ్ళు అతని మాట వినలేదు. వాటంతటవే తొక్కాయి.

ఊరి వంతెన దగ్గర వీధిదీపం కింద ఆగి వగర్చారు. హాజీ మెత్వల్లీ వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు.

ఐదు.

"షాబాన్ ఏడీ?"

 దూరంనుంచి, గాలి ఇటు తిరిగినప్పుడల్లా, సన్నగా వస్తూనే ఉంది — ట్రింగ్…

"పేరు పిలిస్తే ఎవరూ ఆగడం లేదని గంట కొట్టడం నేర్చుకుంది అది," అన్నాడు ఒకడు.

"తెల్లారనివ్వండి," అన్నాడు హాజీ. "నమాజు చేసుకుని అందరం వెళ్దాం. నన్నూ పిలిచింది ఒకప్పుడు. పలకలేదు కాబట్టే ఇవాళ మీ ముందు నిలబడ్డాను."

"మరి మా అక్కకేం చెప్పమంటారు? అన్నం దగ్గర పెట్టుకుని కూర్చుని ఉంటుంది. తెల్లారనివ్వు అని చెప్పనా?"



బయ్యూమీ సైకిలు వెనక్కి తిప్పాడు. అతని వెంట ఎవరూ రాలేదు.

భయపడలేదని అతను నాకు అబద్ధం చెప్పలేదు. దారి పొడుగునా తెలిసిన ప్రార్థనలన్నీ తప్పులతో చదివానన్నాడు. డైనమో గీగీమంటోంది. దీపం ముందున్న రెండు బారల గట్టును మాత్రం చూపిస్తోంది. ఆ రెండు బారలు దాటితే లోకం లేదు.

తూము దగ్గర ఆగాడు. చక్రం ఆగింది. చక్రంతో పాటే దీపం — ఆరిపోయింది.

డైనమో దీపం అంతే. తొక్కితేనే వెలుగు. ఎక్కడ ఆగి చూడాలో అక్కడే చీకటి.

నీళ్ళ చప్పుడు మామూలుగా లేదు. అర్ధరాత్రి పైనున్న లాకులెత్తి రెండో పంటకు నీళ్ళు వదిలారు. కాలువ పెరుగుతోంది.

ట్రింగ్…

అతని కాళ్ళ దగ్గరే. కానీ ఇందాకటిలా గట్టిగా లేదు. నీళ్ళు గొంతులో పడ్డ మనిషి దగ్గులా ఉంది ఆ గంట.

"ఎవరు…?" అన్నాడు గొణుగుతూ.

జవాబు లేదు.

ఇరవై ఏళ్ళుగా ఆ చోట ఎవరూ చెయ్యని పని చేశాడు బయ్యూమీ. గొంతు చించుకుని పేరు పెట్టి పిలిచాడు.

"షాబాన్! బావా! షాబాన్!"

చీకట్లోంచి, గట్టు అంచు కిందనుంచి, చల్లగా తడిగా ఏదో వచ్చి అతని చీలమండ పట్టుకుంది.

కాలు విదిలించుకోబోయాడు.

"ఒరేయ్ బామ్మర్దీ…" అంది కింద ఒక బొంగురు గొంతు. "అంత గట్టిగా అరవకురా… అది వింటుంది."

ట్రాక్టరు గట్టు కిందికి నెట్టేసినప్పుడు సైకిలు మీదపడి షాబాన్ కాలు బురదలో ఇరుక్కుంది. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. ఒక చెయ్యి జమ్ము దుబ్బును పట్టుకుని ఉంది, ఇందాకటిదాకా హ్యాండిలు మీద గంట కొట్టిన చెయ్యి ఇప్పుడు బయ్యూమీ చీలమండను. ఆ గంట కూడా సగం మునిగింది. బయ్యూమీ మెడలో శాలువా తీసి అతని చంకల కింద కట్టి, చీకట్లో చేతులకు దొరికిందల్లా పట్టుకుని లాగాడు. అరచేతులు చీరుకుపోయాయి. మనిషి పైకొచ్చేసరికి గంట పూర్తిగా మునిగిపోయింది. నీళ్ళు దాని మీదనుంచి పోయాయి.

ఇద్దరూ గట్టు మీద వెల్లకిలా పడ్డారు.

"గంట ఎందుకు కొట్టావు బావా? పిలిస్తే సరిపోయేది కదా?"

షాబాన్ అతని వైపు చూశాడు. "ఇక్కడా? ఈ తూము దగ్గర? నీ పేరు పిలిస్తే ఆగేవాడివా నువ్వు?"

బయ్యూమీ శాలువా ముడి విప్పసాగాడు.

"ఇంకా జోరుగా తొక్కేవాడివి," అన్నాడు షాబాన్. "నేనైనా అంతే."

మర్నాడు సాయంత్రం, చేతులకు గుడ్డలు చుట్టుకుని, బయ్యూమీ ఒక ముసలివాడి ఇంటికి వెళ్ళాడు. ఆ ముసలివాడు పాత ఏడుగురిలో ఒకడు. టీ ఇస్తే బయ్యూమీ ముట్టుకోలేదు.

"బాబాయ్, ఆ రాత్రి నద్దాహా మిమ్మల్ని ఏ వరసలో పిలిచింది?"

"ముందు మెత్వల్లీని. తరవాత…" ఏడు పేర్లూ చెప్పాడు ముసలివాడు. ఎన్నోసార్లు చెప్పిన కథ. తడుముకోలేదు.

"మీరు తూము దాటిన వరస?"

ముసలివాడు గ్లాసు కింద పెట్టాడు.

"అదే వరస," అన్నాడు.

"అబ్దుల్ మౌజూద్ మీ వెనక వచ్చాడన్నారు. వెనక రావడం ఎవరు చూశారు?"

ఎవరూ చూడలేదు. ఎందుకంటే అతను వెనక లేడు. పెళ్ళానికి నొప్పులొస్తున్నాయని ఆ రాత్రి అందరికంటే ముందు గేటు దాటాడు — దీపం లేని సైకిలు మీద. ఆ సంగతి ఏడుగురికీ తెలుసు. ఇరవై ఏళ్ళు తెలుసు. తెలిసిన దాన్ని ఒక్కనాడూ తలలోకి రానివ్వలేదు. ఒకే హాల్లో పనిచేసే మనిషికి ఎవరి సైకిలు ఎలా మోగుతుందో తెలుస్తుంది. మెత్వల్లీ సీటు కిర్రుమంటుంది. మూడోవాడి చైను కవరుకు గీసుకుంటుంది. చీకట్లో గట్టు జారి నీళ్ళలో పడ్డ అబ్దుల్ మౌజూద్, పైన ఒక్కో సైకిలు దాటుతుంటే, చప్పుడును బట్టి ఒక్కో స్నేహితుణ్ణి పేరు పెట్టి పిలుచుకున్నాడు.

బయ్యూమీ లేచి వెళ్ళిపోయాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇప్పుడు మిల్లు గేటు దగ్గర రోజూ రాత్రి నేనే నిలబడతాను. డైనమో దించనివాణ్ణి కదలనివ్వను. వెనక మడ్‌గార్డుకు తెల్లగుడ్డ కట్టనివాడి సైకిలు గాలి తీసేస్తాను. ముసలాడికి పిచ్చి అంటారు. అననివ్వండి.

నా సైకిలు చైను ఇప్పటికీ కవరుకు గీసుకుంటూనే ఉంది. బాగు చేయించలేదు.

మూడో పేరు నాది. నన్ను రెండుసార్లు పిలిచాడు.